పదమూడో నెలలో పుట్టిన పిల్ల

ట్రంకుపెట్టె మూడు రోజులుగా హాలు మధ్యన బోర్లా పడి ఉంది. దాన్ని మళ్ళీ సర్దే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు.

"ఇందులో లేదు" అన్నాడు సుధాకరరావు. ఆ మాట అనడం ఆయనకు నాలుగోసారి.

లలితకుమారి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. కాలిపోయినదాన్ని వెతికితే ఎలా దొరుకుతుందని అడిగింది. అడిస్ అబాబాలో సైనికులు ఇల్లు సోదా చేయడానికి వస్తున్నారని తెలిసిన సాయంత్రం పొయ్యిలో వేసిన కాగితాల్లోనే పిల్ల జనన పత్రమూ పోయిందని సోమవారం నుంచి చెబుతూనే ఉంది. చెప్పగా చెప్పగా ఆ అబద్ధం ఆమెకే నిజంలా వినిపించడం మొదలుపెట్టింది.

బల్ల మీద కంపెనీ ఉత్తరం ఉంది. సుధాకరరావు ఖతార్‌లోని మెసయీద్‌లో పైపులైన్లు వేసే ఒక కంపెనీలో పనివాళ్ళకు ఇంగ్లీషు హెచ్చరిక బోర్డులు చదవడం నేర్పుతాడు. ఆ కంపెనీ రాసింది ఏమిటంటే, ఆయన కుమార్తె కుసుమకు ఈ 1978 సెప్టెంబరు ఎనిమిదో తేదీతో పద్దెనిమిదేళ్ళు నిండాయి గనక ఇక తండ్రి వీసా మీద ఖతార్‌లో ఉండే వీలు లేదు, నెలాఖరులోగా పంపించేయాలి.

ఆ పద్దెనిమిదేళ్ళ యువతి బల్ల కింద కూర్చుని అచ్చనగాయలు ఆడుకుంటోంది. మొన్న ఎనిమిదికి దానికి పదేళ్ళు నిండాయి. కిందటి వారం ఊడిన పన్ను అగ్గిపెట్టెలో దాచుకుంది.

ఎంత నవ్వొచ్చే సంగతో అంత ఏడుపొచ్చే సంగతి. అడిస్ అబాబా లెక్కలో ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, చివర మిగిలిన అయిదారు రోజులదే ఒక బుల్లి నెల. సంవత్సరం కూడా మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. కుసుమ ఆ పదమూడో నెల మూడో రోజున, వాళ్ళ 1960లో పుట్టింది.

పోయినేడు ఊరు వదిలి పారిపోవలసి వచ్చినప్పుడు పాస్‌పోర్టు కోసం సుధాకరరావే ఆ జనన పత్రాన్ని ఇంగ్లీషులోకి రాసిచ్చాడు. బయట తుపాకులు పేలుతున్నాయి. లేని పదమూడో నెలను వేళ్ళ మీద లెక్కపెట్టి సెప్టెంబరు ఎనిమిది చేశాడు, సంవత్సరాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు దించేశాడు. పద్నాలుగేళ్ళు ఆ ఊరి బడిలో చరిత్ర పాఠం చెప్పి, రోజూ నల్లబల్ల మీద ఆ అంకెలే వేసిన చెయ్యి మరి.

అదే కాగితంలో ఆయన ఒక అబద్ధమూ రాశాడు. తల్లి పేరు దగ్గర అల్మాజ్ అని ఉంటే లలితకుమారి అని రాశాడు. అబద్ధం రాసిన చోట ఎవరూ పట్టుకోలేదు. నిజం రాసిన చోట దొరికిపోయాడు.

"మీ వల్లే కదా ఇదంతా. నెలాఖరుకల్లా పిల్లను ఏ ఊరికి పంపమంటారు? చెప్పండి, వింటాను" అంది లలితకుమారి, గరిటె పక్కన పెట్టి.

దివిసీమలో సుధాకరరావు అన్నగారి కుటుంబం మొత్తం నిరుటి ఉప్పెనలో పోయింది. లలితకుమారికి పుట్టింటివాళ్ళంటూ మిగిలింది ఒక్క పిన్ని, ఆవిడకు మతి స్థిమితం లేదు. బొంబాయి విమానాశ్రయంలో దిగిన పదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకునేందుకు ఈ భూమ్మీద ఒక్క మనిషి లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పాస్‌పోర్టు దిద్దాలంటే అసలు కాగితం కావాలంటున్నారు లలితా. నాకున్నది అదొక్కటే దారి."

"అసలు కాగితం చదివితే పిల్ల మనది కాదని తేలుతుంది. అది బావుందా?"

బల్ల కింద అచ్చనగాయల చప్పుడు ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది. వినలేదులే అనుకుని లలితకుమారి ఊపిరి పీల్చుకుంది.

విమానం ఒకటి ఇంటి కప్పును రాసుకుంటూ పోయినట్టు దిగింది. విమానాశ్రయం పక్క విల్లాలో రెండు గదులు పంచుకుని ఉంటున్న వాళ్ళకు అదొక గడియారం. కానీ ఈ వారం ప్రతి విమానం పిల్లను ఎక్కించుకుపోవడానికే వచ్చినట్టుంది లలితకుమారికి.

కుసుమ బల్ల కింద నుంచి బయటికి వచ్చి, పాఠం చెప్పమని తండ్రి పక్కన చేరింది. పాస్‌పోర్టులో ఆ వయసు చూసి మూడో తరగతిలో చేర్చుకోలేమని ఇక్కడి బడివాళ్ళు నిరుడే తిప్పి పంపారు. అప్పటినుంచి తండ్రే బడి, ఆయన చెప్పేదీ ఆ ఒక్క ఊరి చరిత్రే. లలితకుమారి పొయ్యిలో వేసినవి నిజానికి ఆయన నోటు పుస్తకాలే. పద్నాలుగేళ్ళు ముసలివాళ్ళను అడిగి అడిగి తెలుగులో రాసుకున్న అడిస్ అబాబా చరిత్ర. సోదాల్లో ఏ రాత దొరికినా మనిషి మిగలని రోజులవి. ఆయన ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మళ్ళీ జ్ఞాపకం మీద, పిల్లకు చెబుతూ రాస్తున్నాడు.

కొండ మీద చలికి ఒళ్ళు నొప్పులు పుట్టి రాణి తైతు వేడినీళ్ళ ఊటల దగ్గరికి దిగి రావడం, అక్కడి పూలు చూసి ఊరికి అడిస్ అబాబా, అంటే కొత్త పువ్వు అని పేరు పెట్టడం కుసుమకు నోటికి వచ్చు. వంటచెరకు అయిపోయి రాజధాని ఇంకో చోటికి తరలిపోబోతుంటే పరదేశం నుంచి నీలగిరి మొక్కలు తెప్పించి నాటడం, ఆ చెట్లే ఊరిని నిలబెట్టడం కూడా వచ్చు. మన దేశం నుంచి వెళ్ళిన మేస్త్రీలు అక్కడ రాజుగారికి గోడలు కట్టారని చెప్పేటప్పుడు సుధాకరరావు గొంతులో స్వంత మేనమామలను తలుచుకున్నంత గర్వం ఉండేది. ఇటలీ వాళ్ళు మూడు రోజుల్లో ఆ ఊరి జనాన్ని వేలల్లో ఊచకోత కోసిన కథ మాత్రం పిల్లకు సగమే చెప్పేవాడు.

"ఇవాళ ఎక్కడున్నాం నాన్నా?" అంది కుసుమ.

"నువ్వు పుట్టడానికి ఏడేళ్ళ ముందు. ఆఫ్రికా దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకునే పెద్ద భవనం ఊళ్ళో లేచింది. రెండేళ్ళకు రాజులు, అధ్యక్షులు అక్కడికే వచ్చి సంతకాలు పెట్టారు. నేను ఆ నెలలోనే దిగాను. వీధులన్నీ సున్నం కొట్టి..."

"ఆ ఊరి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాను" అంది లలితకుమారి. "కూడు పెట్టిందని పొగిడింది చాలు. మనల్ని బతకనిచ్చిందా అది?"

"ఊరేం చేసింది లలితా? చేసింది మనుషులు."

"ఆ మనుషుల మధ్య ఒకదాన్ని వదిలేసి వచ్చాం మనం. అది గుర్తుందా మీ చరిత్రలో?"

అన్నాక నాలిక కరుచుకుంది. ఏడాదిగా ఆమె తన నోటితో తలవని మనిషి అల్మాజ్. కడుపులో బిడ్డతో, మొగుడు ఎటో పోయి, వాళ్ళింట్లో పనికి చేరిన మనిషి. రెండు కాన్పులు పోయి మంచం పట్టిన లలితకుమారి పక్కలో తన పసిగుడ్డును తెచ్చి పడుకోబెట్టిన మనిషి. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఒకామె అమ్మ అయింది, కన్నామె పేరు పెట్టి పిలిపించుకుంది. బయల్దేరే రోజున పిల్ల చెయ్యి లలితకుమారి చేతిలో పెట్టి, తను అల్లిన రంగు గడ్డి బుట్ట ఒకటి ఇచ్చింది. ఉత్తరం రాయమంది. లలితకుమారి రాయలేదు. రాస్తే జవాబు వస్తుంది, జవాబులో పిల్లను అడుగుతుందేమోనన్న భయం. తనది పాడు భయమని ఆమెకు తెలుసు, అయినా రాయలేదు.

కాగితం ఆ బుట్ట మూత లోపలి గుడ్డలోనే ఉంది. లలితకుమారే పెట్టి కుట్టింది.

అంతలో ముజఫ్ఫర్ అలీ వచ్చాడు. కంపెనీ తరఫున వీసాలు, కాగితాలు చూసే నిజామాబాద్ మనిషి. కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, టోపీ చేత్తో తిప్పుతూ చెప్పాడు.

"రేపు గురువారం సార్. పగటీలి పన్నెండు గంటల్లోపట కాయితం ఆఫీసుల ఉండాలె. శుక్రవారం ఛుట్టీ. శనివారం పొద్దుగాలనే ముదీర్ సాబ్, గా పెద్దాఫీసరు, బొంబాయి టికెట్ కొట్టేస్తడు. నేనేం చేస్త చెప్పు, నా కండ్లకు చిన్నపిల్లనే కనబడ్తది. ఫైలుకు కండ్లు లెవ్వు గదా."

కాగితం దొరికితే ఎవరు చదవాలని లలితకుమారి అడిగింది. తండ్రి చదివితే చెల్లదన్నాడు. సూక్ బజారులో కాఫీ గింజల కొట్టాయన భార్య రఫియా అడిస్ అబాబా మనిషేనని, ఆమె చదివి చెబితే పక్క కొట్టు జియావుద్దీన్ అరబీలో రాసి ముద్ర వేస్తాడని చెప్పాడు. ఆ తర్వాత సుధాకరరావును బయటికి పిలిచి జీపు దగ్గర ఏదో చెప్పాడు. ఆ మాటలు ఇంట్లోకి వినిపించలేదు. ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్ళిపోయారు.

లలితకుమారి బుట్ట దించి, మూత గుడ్డ విప్పింది. కత్తెర రెండుసార్లు జారింది. పక్క గది అరుంధతిగారికి తాము రఫియా ఇంటికి వెళ్తున్నామని చెప్పి, కాగితం జాకెట్లో దోపుకుని, పిల్లను వెంటబెట్టుకుని బయల్దేరింది.

దారంతా తవ్విన రోడ్లే. ఎక్కడ చూసినా సిమెంటు లారీలు, సగం లేచిన అంతస్తులు. ఇంత పెద్ద కట్టడాల దేశంలో ఒక్క చిన్నపిల్లకు చోటు కరువైందా అనుకుంది.

రఫియా ఇంట్లో అడుగు పెట్టగానే వేగుతున్న కాఫీ గింజల వాసన. ఆమె తండ్రి యెమెన్ వ్యాపారి, తల్లి అడిస్ అబాబా మనిషి. పుట్టి పెరిగింది అక్కడి మెర్కాటో బజారులో. ముగ్గురూ ఆ ఊరి భాషలోనే మాట్లాడుకున్నారు. లలితకుమారికి మాట వచ్చు, అక్షరం రాదు. పద్నాలుగేళ్ళున్నా నేర్చుకోలేదు.

కుసుమ అడక్కుండానే నిప్పుల కుంపటి ముందు చేరి పెనం అందుకుంది. అల్మాజ్ నేర్పిన పని. ఆ ఊళ్ళో కాఫీ అంటే ఒక కప్పు కాదు. అదే పొడి మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి మూడుసార్లు కాస్తారు, మూడోది దీవెన. అది తాగకుండా లేవడం ఆ ఇంటిని చిన్నబుచ్చడమే.

మొదటి కప్పుకు ఊరి కబుర్లు. కొండ మీది నీలగిరి ఆకుల మోపులు నడుముకు కట్టుకుని దిగే ఆడవాళ్ళు, కొత్త ఏడాదికి పసుపు పూలు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ తిరిగే ఆడపిల్లలు. ఇప్పుడు అక్కడ పొద్దుపోతే ఎవరూ తలుపు తీయరట. అల్మాజ్ గురించి అడగాలని లలితకుమారికి నోటి దాకా వచ్చింది. అంత పెద్ద ఊళ్ళో రఫియాకు ఏం తెలుస్తుంది, అడగడానికి తనకు మొహమేది?

రెండో కప్పుకు కాగితం తీసి రఫియా చేతిలో పెట్టింది. గొంతు తగ్గించి, పిల్లకు వినపడకుండా, అడగవలసింది అడిగింది. తేదీ ఉన్నట్టే చదవాలి. తల్లి పేరు దగ్గర మాత్రం లలితకుమారి అని చెప్పాలి.

రఫియా కాగితం అంతా చదివింది. మడిచింది.

"మా నాన్న నన్ను తన దేశం కాగితాల్లో ఎక్కించినప్పుడు తల్లి పేరు దగ్గర పెద్ద భార్య పేరు రాయించాడు. మా అమ్మ మెర్కాటోలో ఉల్లిపాయలు అమ్మేది. ఆమె పోయాక, నేను ఆమె కూతుర్నని చూపించుకోవడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఆ పని నా నోటితో చేయించకు అక్కా."

"నీ కాళ్ళు పట్టుకుంటాను. పిల్ల నా చేతిలోంచి పోతుంది" అంది లలితకుమారి. నిజంగానే వంగింది.

రఫియా ఆమె భుజాలు పట్టుకుని ఆపింది. "నన్ను కాదు, ఆ పిల్లను అడుగు. పేరు దానిది, తల్లి దానిది."

"దానికేం తెలుసు?"

"రెండో వరుసలో ఉంటుంది అమ్మా" అంది కుసుమ తెలుగులో, కుంపటి మీద నుంచి కన్నెత్తకుండానే. "అల్మాజ్ అని. మొదటి అక్షరం మెడ వంచిన కొంగలా ఉంటుంది."

లలితకుమారి వంగిన నడుము వంగినట్టే ఉండిపోయింది.

"బుట్ట మూతకు నువ్వు పచ్చదారంతో కుట్టావు. అల్మాజ్ పచ్చదారం వాడలేదు. అందుకని ఒకసారి విప్పి చూశాను. మళ్ళీ నీలాగే కుట్టేశాను." పిల్ల పెనం దించి పక్కన పెట్టింది. "నాకు అక్షరాలు వచ్చు కదా. అల్మాజే నేర్పింది. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు."

ఏడాదిగా ఇల్లంతటికీ చదవడం వచ్చు, రానిది తనొక్కదానికే. గుడ్డివాళ్ళ ముందు దీపం దాచాననుకుంది, తీరా చూస్తే కళ్ళు లేనిది తనకు. ఆమెకు సిగ్గేసింది, ఆ సిగ్గు కింద నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. పిల్ల వచ్చి పక్కన కూర్చుని, మసి చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆఫీసు కాగితానికి ఈవిడను ఏ పేరు చదవమనాలమ్మా? నువ్వు చెప్పిందే చెప్పమంటాను."

నోటి దాకా వచ్చిన తన పేరును లలితకుమారి మింగేసింది. పిల్లను పోగొట్టుకోవడం అంటే విమానం ఎక్కించడమే అనుకుంది ఇన్నాళ్ళూ. ఈ పదేళ్ళ పిల్ల చేత అబద్ధం చెప్పించి దగ్గరుంచుకుంటే, ఉండేది ఏ పిల్ల?

"అల్మాజ్ పేరే" అంది. "ఉన్నది ఉన్నట్టు చదవమను. పేరు ఆమెదైనా పిల్లను పెంచింది నేనని ఆ ముదీర్ ముందు నేనే చెప్పుకుంటాను. వింటే విన్నాడు, లేకపోతే నిన్ను పట్టుకుని అదే విమానం నేనూ ఎక్కుతాను."

ఏడాది తర్వాత ఆ పేరు ఆమె నోట వచ్చింది. రఫియా కాగితం తెచ్చి కుసుమ చేతిలో పెట్టి, జియావుద్దీన్‌కు కబురు పెట్టడానికి లేచింది.

వీధి తలుపు దగ్గర జీపు ఆగింది. సుధాకరరావు చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు. వెనకాల ముజఫ్ఫర్ అలీ. మూడు రోజులుగా మసిబారిన సుధాకరరావు ముఖం ఇవాళ కడిగినట్టుంది.

"పని అయిపోయింది లలితా. అరుంధతిగారు మీరిక్కడున్నారని చెబితే పరిగెత్తుకొచ్చాను. డాక్టరు పిల్ల ఎముకలు ఫోటో తీసి వయసు చెబుతాడట. దాన్నే ఒప్పుకుంటామన్నారు. టికెట్ ఆపేశారు."

సంతోషం ఆమె గుండె దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. "ఊరికే ఒప్పుకున్నారా?" అంది.

"అసలు కాగితం లేదని ప్రమాణం రాసిచ్చాను. అడిస్ అబాబాలో నా కళ్ళ ముందే కాలిపోయిందని. నువ్వు చెప్పావుగా."

అప్పుడు చూశాడు ఆయన, కుసుమ చేతిలో ఉన్నదాన్ని. మడతలు అరిగిన ఆ కాగితాన్ని ఆయనకు ఒకరు చూపించి చెప్పనక్కర్లేదు.

ముజఫ్ఫర్ అలీ గోడ వైపు తిరిగి నిలబడి అన్నాడు.

"నేనేం చూడలే సార్. గని, గది రేపు ఎవ్వల కంట్ల పడ్డా నీ ప్రమాణం ఝూటా అయితది. నౌకరీ పోవుడు చిన్నమాట, సీదా జైలే. గది ఉండొద్దు."

సుధాకరరావు చూపు కుంపటి మీదికి పోయింది. నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆయన భార్య వైపు చూశాడు. కాలిపోయిందని సోమవారం నుంచి చెప్పింది నువ్వే కదా, ఆ మాట నిజం చెయ్యి అన్నట్టుంది ఆ చూపు. పొద్దున్న అయితే ఆమె ఒక్క క్షణం ఆలోచించేది కాదు. ఇప్పుడు ఆ కాగితంలో ఉన్నది ఒక తల్లి మిగిల్చుకున్న ఆఖరి ముక్క. అది కాలితే భర్త దక్కుతాడు, పిల్ల దక్కుతుంది. పిల్ల చూస్తుండగా కాలాలి.

"ఇలా ఇవ్వు తల్లీ" అన్నాడు సుధాకరరావు, చెయ్యి చాపి.

కుసుమ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గౌను లోపలికి తోసుకుంది. మూడోసారి కాచిన కూజా ఎత్తి కప్పుల్లోకి కాఫీ వంచింది. తండ్రికి, తల్లికి, గోడ వైపు తిరిగి నిలబడ్డ మనిషికి కూడా. ఒక్క చుక్క కింద పడలేదు.

"మూడో కప్పు తాగకుండా ఎవరూ లేవకూడదు నాన్నా" అంది.